వదిలి వెళ్ళిన భూమి

కిందటి వారం మనం ఎతెల్వీనాను చెయ్యెత్తిన చోట ఆపేశాం. ఆ చెయ్యి అప్పుడే దిగిపోయింది కానీ, వేసిన ఓటు మాత్రం తిన్నగా వచ్చి ఆమె మెడకే చుట్టుకుంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి కూడా తెలియాలి కదా, చెబుతాను. మా కొత్త దేశపు రాజధాని దీలీలో పార్లమెంటుకు ఇంకా ఏడాది నిండలేదు. చట్టాలు పోర్చుగీసులో రాస్తారు. సభ్యుల్లో సగంమందికి ఆ భాష ప్రార్థనల వరకే వచ్చు. అందుకని అందరూ చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, గాజుగదిలో కూర్చున్న జువీతా అనే అమ్మాయి మా తేతుం భాషలో ఏది చెబితే అది విని చెయ్యెత్తుతారు. భూముల బిల్లు మొదటి ఓటింగు రోజున జువీతా, "వదిలి వెళ్ళిన భూముల బాధ్యత రాజ్యమే తీసుకుంటుంది" అని చెప్పింది. ఆ మాట వినగానే కొండ జిల్లా సభ్యురాలు ఎతెల్వీనాకు కళ్ళు చెమర్చాయి. తాతముత్తాతలు మనకోసం ఉంచిపోయిన నేలని మేం ఆ మాటతోనే పిలుస్తాం. కొండమీద తన తల్లి పుట్టిన ఊరు హాతు-సోరా, అక్కడి సమాధులు, పోయిన పెద్దలకని కట్టిన పెద్దల ఇల్లు నిలబడ్డ చోటు, అన్నిటినీ ఇక రాజ్యం కాపాడుతుందనుకుంది. మారుమాట లేకుండా చెయ్యెత్తేసింది.

సభ అయ్యాక కాఫీ దగ్గర తెలిసింది. పోర్చుగీసు కాగితంలో ఉన్నది తాతలు వదిలి వెళ్ళిన భూమి కాదు. మనుషులు వదిలేసి పోయిన భూమి, అంటే ఎవరికీ అక్కర్లేనిది. ఏడాదిలోగా సొంతదారు కాగితం చూపించకపోతే అది రాజ్యానిది అయిపోతుంది. హాతు-సోరా మనుషుల్ని అప్పట్లో దేశాన్ని ఆక్రమించిన పరాయి సైన్యం కొండ దింపి, రోడ్డు పక్కన రేకుల కింద పడేసి ఇరవై ఏళ్ళు దాటింది. వాళ్ళ దగ్గర కాగితమంటే బాప్తిస్మం కాగితమే, అది కూడా ఇల్లు కాలనివాళ్ళ దగ్గర. తన తల్లి ఊరిని తన చేత్తోనే రాసిచ్చేసిందన్నమాట ఎతెల్వీనా.

మంగళవారం సభ ఎప్పటిలాగే మొదలైంది. అంటే మొదలవలేదు. కోరం లేదు. ఉన్నవాళ్ళు లేనివాళ్ళను తిట్టుకుంటూ కూర్చున్నారు. కాసేపటికి లేనివాళ్ళు వచ్చారు, తిట్టినవాళ్ళు కాఫీకి వెళ్ళారు. సభాపతి గంట కొట్టీ కొట్టీ చెయ్యి మార్చుకున్నాడు. చివరికి అంకె కుదిరాక, పోయిన సమావేశం నివేదిక మీద చర్చ మొదలైంది. ఒక సభ్యుడు తాను "ప్రగాఢ గౌరవంతో" అన్నానని, నివేదికలో "గౌరవంతో" అని మాత్రమే ఉందని లేచాడు. ఇంకొకాయన ఆ ప్రగాఢం తాను కూడా విన్నానని బలపరిచాడు. దాని మీద ఓటింగు జరిగింది. జనరేటరుకు డీజిలు అయిపోతోందని గుమాస్తా వచ్చి సభాపతి చెవిలో చెప్పి వెళ్ళాడు.

"ఈ దేశం కోసం పద్దెనిమిదేళ్ళు అడవిలో తిరిగాను," అన్నాడు ఎతెల్వీనా పక్కసీటు కుస్తోదియు, కళ్ళు మూసుకునే. ఒకప్పుడు గెరిల్లాదళం నడిపిన మనిషి. ఇప్పుడు నడుంనొప్పి. "ఒక్క రోజు కూడా నిద్ర రాలేదు. ఇక్కడ కూర్చుంటే చాలు, జోల పాడినట్టుంది."

"పడుకో అన్నా. ఓటింగు వస్తే లేపుతాను."

"లేపకు. నేను పడుకుంటే ఒక తప్పు తగ్గుతుంది."

ఎతెల్వీనాకు నవ్వు రాలేదు. ఆమె పొద్దున్నుంచి ఒకే వాక్యాన్ని మనసులో తిప్పుకుంటోంది. ఇన్నాళ్ళలో ఆమె సభలో లేచింది రెండుసార్లు, రెండూ వంతెన గురించే. ఆ వంతెన ఇంకా రాలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా భూముల బిల్లు వచ్చింది. నిబంధన నిబంధనకూ ఓటింగు. బిల్లు తెచ్చిన సంఘం అధ్యక్షుడు డాక్టర్ అమాన్సియు లేచి చదువుతున్నాడు. మాపుతోలో న్యాయశాస్త్రం చదివి, ఇరవై నాలుగేళ్ళు పరాయి దేశంలో ఉండి తిరిగొచ్చినవాడు. మంచి చొక్కా, మంచి గొంతు. మనిషి కూడా మంచివాడే, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టి కూర్చోవచ్చు.

ఏడో నిబంధన చదివాడు. జువీతా చెప్పింది: "యజమాని వదిలి వెళ్ళిన ఇళ్ళు, ఆయన తిరిగొచ్చేదాకా ఆయనవే." చేతులు లేచాయి. ఎనిమిది. చేతులు లేచాయి. తొమ్మిది చదివాడు. జువీతా చెప్పింది: "యజమాని వదిలి వెళ్ళిన భూములు, రాజ్యానివి."

ఎతెల్వీనా మైకు మీట నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది.

"సభాపతి గారూ, నాకో సందేహం."

"వంతెన గురించా, సోదరీ?" అన్నాడు సభాపతి. వెనక వరుసల్లో నవ్వారు.

"కాదండీ. వదలడం గురించి. ఏడో నిబంధనలోనూ వదిలి వెళ్ళడమే విన్నాను, తొమ్మిదిలోనూ వదిలి వెళ్ళడమే విన్నాను. ఒకడు వదిలితే ఇల్లు వాడిదే అట. ఇంకొకడు వదిలితే రాజ్యానిదట. ఏ వదలడం ఏ వదలడమో డాక్టరు గారు చెబితే, ఏ చెయ్యి ఎత్తాలో నేను చూసుకుంటాను."

గాజుగదిలో జువీతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమాన్సియు కాగితం వైపు చూశాడు. ఆయన తలుచుకుంటే ఏదో ఒకటి చెప్పి దాటేసేవాడే. దాటెయ్యలేదు.

"పోర్చుగీసులో రెండు వేర్వేరు మాటలున్నాయి," అన్నాడు తేతుంలో. "ఏడులో ఉన్నది, దస్తావేజు ఉండి, ప్రస్తుతం ఊళ్ళో లేని యజమాని గురించి. తొమ్మిదిలో ఉన్నది, దస్తావేజు లేకుండా, ఇక అక్కర్లేదని వదిలేసినవాడి గురించి."

"ఊళ్ళో లేకపోవడమంటే? ఓడెక్కి పోవడమా?"

"అలా... అలా కూడా అనుకోవచ్చు."

"అంటే డాక్టరు గారూ, ఓడెక్కినవాడు ఊళ్ళో లేనివాడు. తుపాకీ వెన్నులో గుచ్చితే కొండ దిగి నడిచినవాడు మాత్రం అక్కర్లేక వదిలేసినవాడు. అంతేనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. కుస్తోదియు కళ్ళు తెరిచి, బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. వెనకనుంచి ఇంకెవరో కొట్టారు. కొండ జిల్లాల సభ్యులందరూ ఒకేసారి మైకులు నొక్కడంతో అవన్నీ కీచుమన్నాయి. అంతలో జనరేటరు ఆగిపోయింది. దీపాలు పోయాయి, ఫ్యాన్లు పోయాయి, ఇయర్‌ఫోన్లు మూగబోయాయి. ఆ ఉక్కలో సభాపతి, తొమ్మిదో నిబంధనను సంఘానికి తిప్పి పంపుతున్నానని కేకేసి చెప్పి చెమట తుడుచుకున్నాడు.

గెలిచానని ఎతెల్వీనాకు అనిపించలేదు. విసుగనిపించింది. ఒక్క మాట ఏమిటో తెలుసుకోవడానికి ఇంత పోట్లాట కావాలా అని ఏడుపొచ్చింది. వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. జువీతా పరుగున వచ్చింది.

"అక్కా, నా మీద కోపంగా ఉందా? ఆయన గబగబా చదివేస్తాడు. రెంటికీ మన భాషలో నా నోటికి వచ్చేది అదొక్క మాటే. మా అమ్మ కూడా ఇంట్లో అలాగే అంటుంది."

"మా అమ్మా అలాగే అనేది. నీ తప్పు కాదులే, వెళ్ళి మంచినీళ్ళు తాగు."

ఆ వెనకే అమాన్సియు వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆమె పక్కనే గోడకు ఆనుకున్నాడు.

"నేనూ ఓడెక్కినవాణ్ణే అక్కా," అన్నాడాయన. "నన్ను అందరి ముందూ కడిగేశారు."

"మిమ్మల్ని అనలేదు డాక్టరు గారూ. మీ కాగితాన్ని అన్నాను."

"కాగితం రాసింది నేనే కదా." నిట్టూర్చాడు. "తొమ్మిది ఎందుకు పెట్టామో తెలుసా? ఈ ఊళ్ళో సైన్యం పోతూ పోతూ తగలబెట్టిన ఇళ్ళు ఎవరివో ఎవరికీ తెలీదు. గట్టివాడు దూరిపోతున్నాడు, లేనివాడు చెట్టు కింద ఉంటున్నాడు. రాజ్యం చేతిలోకి వస్తే లేనివాడికి ఇవ్వచ్చు. అది పూర్తిగా తీసెయ్యమంటే నేను తియ్యలేను."

"తీసెయ్యమనడం లేదు. మావాళ్ళు వదిలెయ్యలేదని రాయండి చాలు."

"ఎవరు చెప్పారని రాయను? మీరు అప్పటికి చిన్నపిల్ల. మీరు సభ్యురాలు, సాక్షి కాలేరు. కాగితం లేదు. కాగితం లేనిచోట మాట కావాలి. మీ ఊరి మాట చెప్పే పెద్ద ఉన్నాడా?"

ఉన్నాడు. ఎతెల్వీనాకు స్వయానా మేనమామ, బేరే-లేకి. మా కొండల్లో అలాంటి పెద్దను లియా-నాయిన్ అంటారు, మాటకు యజమాని అని. ఊరి హద్దులు, పెళ్ళిళ్ళ ఒప్పందాలు, ఎవరి పొలం ఎవరిది అన్నవన్నీ ఆయన నోట్లోనే ఉంటాయి. ఆయన అబద్ధమాడడు. ఆడితే ఊరంతటికీ కీడని మా నమ్మకం. నమ్మకం లేనివాళ్ళు కూడా ఆయన ముందు ఆ మాట అనరు.

"శుక్రవారం సంఘం ముందుకు తీసుకురండి," అన్నాడు అమాన్సియు. "మేం వదిలెయ్యలేదు, మమ్మల్ని తోలేశారు అని ఆయన ఒక్క మాట చెబితే, దాన్ని నివేదికలో ఎక్కిస్తాను. బలవంతంగా దించిన ఊళ్ళకు తొమ్మిది వర్తించదని నా చేత్తోనే రాస్తాను. మీ ఊరికే కాదు, అలాంటి ఊళ్ళన్నిటికీ. ఇది నా మాట."

"మరి ఆయన చెప్పకపోతే?"

"ఎందుకు చెప్పడు?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడాయన.

బస్సు డ్రైవరుతో కబురు పంపితే గురువారం సాయంత్రానికి మావయ్య దిగాడు. భుజాన నేత గుడ్డ, తల మీద ఊరి పెద్దలు పెట్టుకునే కోడిపుంజు ఈకలు లేవుగానీ ఉన్నట్టే నడక. ఇంట్లో పిల్లలందరికీ మొక్కజొన్న కండెలు తెచ్చాడు. ఎతెల్వీనా గుమ్మడికాయ వేసి మొక్కజొన్న ఉడికించి పెట్టింది. తిని, వక్క నమిలి, ముందుగదిలో చాప మీద పడుకున్నాడు. సాక్ష్యం గురించి ఆమె ఎత్తినప్పుడల్లా, "అడిగితే చెబుతానులే" అన్నాడు తప్ప ఇంకో మాట లేదు.

శుక్రవారం సంఘం గది బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. లోపల ముందు విషయం తెమలడం లేదు. ఏదో ముద్ర మీద మొసలి తల ఎటు ఉండాలన్న చర్చ.

"మీ పని ఇదేనా రోజూ?" అన్నాడు మావయ్య.

"ఇదే."

"మీకంటే నేనే నయం. నా దగ్గర తగువు ఒక పూటలో తెగుతుంది. తెగకపోతే మేకను కోస్తాం. అప్పుడు తెగుతుంది."

"ఇక్కడ మేకలు సరిపోవు మావయ్యా."

ముసలాయన పకపకా నవ్వాడు. ఎర్రటి నోరు. నవ్వు ఆగాక ఆమె వైపు తిరగకుండానే అడిగాడు. "చనిపోయినవాళ్ళ పండక్కి మన దగ్గరికి రాలేదేం?"

"సెలవు దొరకలేదు. ఇక్కడే పెద్ద శిలువ దగ్గర కొవ్వొత్తి వెలిగించాను అమ్మకి. సమాధి తెలియనివాళ్ళందరం అక్కడే వెలిగిస్తాం కదా. దారిలో ఎక్కడ పాతిపెట్టారో ఇప్పుడెవరికి గుర్తుంటుంది!"

కొండ దిగేటప్పుడు దారిలో జ్వరమొచ్చి తల్లి పోయిందని ఎతెల్వీనాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మావయ్య వక్కపొడి సంచి విప్పి, మళ్ళీ ముడి వేశాడు.

తలుపు తెరుచుకుంది. అమాన్సియు తానే బయటికొచ్చి, వంగి, ముసలాయన చేతిని ముద్దుపెట్టుకున్నాడు. లోపల సంఘం సభ్యులందరూ లేచి నిలబడ్డారు. ఆ మర్యాదకు ఎతెల్వీనా గుండె నిండిపోయింది. ఈ పార్లమెంటు మీద ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమెకు ప్రేమ పుట్టింది. మావయ్యను సాక్షి కుర్చీలో కూర్చోబెట్టి, మైకు దగ్గరగా జరిపి, తాను ఎదురుగా కూర్చుంది. ఆ గదిలోనూ ఒక మూల గాజుగది ఉంది, నివేదిక రాసుకునేవాళ్ళకు జువీతా అందులోంచి పోర్చుగీసులో చెబుతోంది.

"తాతయ్యా," అన్నాడు అమాన్సియు, "హాతు-సోరా భూమిని మీరు వదిలేశారా?"

"ఆఁ. వదిలేశాం."

ఎవరో దగ్గారు. అమాన్సియు ఎతెల్వీనా వైపు చూసి, మళ్ళీ అడిగాడు. "అంటే... సైన్యం తోలేస్తే దిగి వచ్చారు. అంతే కదా?"

"దిగమన్నది వాళ్ళే. కానీ వదిలే మాట అన్నది నేను. పెద్దల ఇంటి గడప దగ్గర నిలబడి, మేం పోతున్నాం, ఈ నేల ఇక మీది, మా వెంట రావద్దు, మమ్మల్ని పిలవద్దు అని పెద్దలతో చెప్పాను. ఆ మాట అనకుండా వస్తే పిల్లలకు జబ్బులు. ఆ మాట అనమని నాకు ఎవడూ తుపాకీ పెట్టలేదు. నా నోటితో నేనే అన్నాను. అది అబద్ధమని ఇప్పుడెలా అనను?"

అమాన్సియు కళ్ళద్దాలు తీసి, బల్ల మీద పెట్టి, ముక్కు నొక్కుకున్నాడు. "అయితే, తాతయ్యా, ఈ సంఘం..." అని ఆగాడు. పక్కనున్న సభ్యుడు గడియారం చూసుకున్నాడు. మధ్యాహ్న భోజనం వేళ దాటిపోతోంది. ఒక ఊరు పోవడానికి అంతకంటే ఎక్కువ సందడేమీ ఉండదని ఎతెల్వీనాకు అప్పుడు తెలిసొచ్చింది.

మైకు మీట నొక్కింది. ఏం అడగాలో ఇంకా తెలియదు. అడగకపోతే మాత్రం అంతా అయిపోతుందని తెలుసు.

"మావయ్యా, మనం దిగి వచ్చాక అక్కడ ఎవరూ లేరా? సమాధుల మీద గడ్డి పీకడానికో, ఒక మొక్క పాతడానికో దొంగచాటుగానైనా ఎవరూ వెళ్ళలేదా? ఒక్క మనిషి కూడా లేడా?"

"అది అడక్కు అమ్మాయ్."

"చెప్పు మావయ్యా."

"ఇంటికెళ్ళాక అడుగు."

"ఇంటికెళ్ళాక చెబితే ఏం లాభం? ఇక్కడే చెప్పాలి." అమాన్సియు వైపు తిరిగింది. "అధ్యక్షా, సాక్షి జవాబు చెప్పాలి. నియమాల్లో ఉంది. చెప్పమనండి."

అమాన్సియు ఇబ్బందిగా కదిలాడు. "చెప్పండి తాతయ్యా. దిగాక అక్కడ ఎవరైనా ఉన్నారా?"

ముసలాయన తల దించుకున్నాడు. "ఒకరు ఉన్నారు," అన్నాడు.

"ఎవరు?"

"మా చెల్లెలు." తలెత్తి మేనకోడలి వైపు చూశాడు. "మీ అమ్మ."

"అమ్మ దారిలో పోయింది," అంది ఎతెల్వీనా. చిన్నపిల్ల గొంతు వచ్చేసింది. "జ్వరంతో పోయింది. నువ్వే కదా చెప్పింది!"

"నేను చెప్పలేదు. మీ పిన్ని చెప్పింది. నేను పక్కన కూర్చుని ఊరుకున్నాను. తనకి కాలు విరిగి ఉంది. మోసుకొస్తామంటే వాళ్ళు ఒప్పుకోలేదు, నడిచేవాళ్ళే రావాలన్నారు. నీళ్ళకుండ పక్కన పెట్టి వదిలేశాం. పైకి వెళ్ళబోయిన ఇద్దరు కుర్రాళ్ళను మర్నాడే కాల్చేశారు. ఆ తర్వాత ఎవరమూ వెళ్ళలేదు." ముసలాయన భుజాన ఉన్న గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "కింద రోడ్డు మీంచి చూస్తే కనిపించేది. సాయంత్రమైతే పెద్దల ఇంటి దగ్గర పొగ లేచేది. మూడు వానాకాలాలు లేచింది."

గాజుగదిలోంచి జువీతా గొంతు, పొగ దాకా వచ్చి ఆగిపోయింది.

అమాన్సియు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కలం తీశాడు. న్యాయశాస్త్రం చదివిన చెయ్యి అది, ఊరుకోలేదు. "అక్కా," అన్నాడు చాలా మెల్లగా, తనకే సిగ్గేస్తున్నట్టు, "మనిషి ఉందంటే ఆ భూమి ఖాళీగా లేదు. ఖాళీగా లేకపోతే తొమ్మిది వర్తించదు. మూడేళ్ళు ఒక మనిషి పొయ్యి వెలిగించిందని నివేదికలో రాసుకుంటే చాలు, మనకు కావలసింది దొరికినట్టే. రాస్తున్నాను."

కలం కాగితానికి తాకింది. ఎతెల్వీనా బల్ల మీదుగా వంగి ఆయన మణికట్టు పట్టుకుంది.

"రాయకండి," అంది. "అమ్మ అక్కడ కాపురం ఉండలేదు, మేం వదిలేసి వచ్చాం."